చివరి చుక్క వయసెంత?

గోదావరి పొంగినప్పుడు భద్రాచలం దగ్గర నీళ్లు ఎంతవరకు వచ్చాయోనని ఫోన్లు చూసుకునేది భద్రాచలం వాళ్లొక్కరే కాదు. ధవళేశ్వరం దిగువన కోనసీమ లంకల్లో అరటి తోటలున్న రైతులకు, కూనవరం వైపు అమ్మానాన్నల్ని ఉంచి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు, అమెరికాలో నిద్ర మానుకుని కూర్చునేవాళ్లకు, అందరికీ కావలసింది ఆ ఒక్క అంకే. 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెల్ని గీతగా గీసి, దానంతటదే మారుతూ ఉండేలా వెబ్ పేజీలో పెట్టడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. ఉచితంగా దొరికే చార్ట్ లైబ్రరీ (గీతలు గీసిపెట్టే రెడీమేడ్ కోడ్) ఒకటి తెచ్చుకుంటే సాయంత్రానికల్లా గీత కదులుతుంది. కష్టం అక్కడ లేదు. గీత చివర ఎర్రగా మిణుకుమనే చుక్క ఒకటి ఉంటుంది చూడండి, కష్టమంతా దానితోనే.

చూసేవాళ్ల కన్ను గీతంతటి మీదా ఉండదు, ఆ చివరి చుక్క మీదే ఉంటుంది. వెనక ఉన్న చుక్కలకు అటూ ఇటూ సాక్ష్యం ఉంది. ఏదైనా తేడాగా ఉంటే పక్కవాటితో పోల్చి పట్టుకోవచ్చు. చివరిది మాత్రం అప్పుడే వచ్చింది, అది తప్పయితే తప్పని చెప్పడానికి దాని తర్వాత ఇంకో చుక్క లేదు. అందరూ చూసేదీ, నమ్మకం తక్కువగా పెట్టుకోవలసిందీ ఒకటే కావడం లైవ్ చార్ట్‌కి పుట్టుకతో వచ్చిన చిక్కు. పేజీ తయారుచేసేవాళ్లు వేగం కోసం పడే తాపత్రయంలో సగం ఈ చుక్క కోసం పడితే చాలా చార్టులు బాగుపడతాయి.

నది గడియారం, తెర గడియారం

వరద ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా నది దగ్గర నీటిమట్టం నమోదయ్యేది సాధారణంగా గంటకోసారి. కొలబద్ద మీద చూసిన అంకె కంట్రోల్ రూమ్‌కి చేరాలి, అక్కడ కంప్యూటర్‌లోకి ఎక్కాలి, అక్కడి నుంచి మన పేజీ నడిపే సర్వర్‌కి రావాలి. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని నిమిషాలు పోతాయి. ఇటు చూస్తే ఫోన్ తెర సెకనుకు 60 సార్లు కొత్తగా గీసుకోగలదు. ఈ రెండు గడియారాలకూ పొంతనే లేదు. పేజీ రెండు సెకన్లకోసారి సర్వర్‌ని అడుగుతోందంటే గంటలో 1,800 సార్లు అడిగినట్టు. అందులో 1,799 సార్లు వచ్చేది పాత జవాబే. దానివల్ల నది గురించి కొత్తగా తెలిసేది సున్నా. కరెంటు పోయిన ఊళ్లో ఫోన్ బ్యాటరీ మాత్రం కరిగిపోతుంది.

అందుకే లైవ్ చార్ట్ మొదలుపెట్టేటప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న డేటాను ఎలా పంపాలని కాదు, అసలు అది పుట్టేచోట ఎంతసేపటికోసారి పుడుతోందని. పంపే పద్ధతి ఆ జవాబులోంచే వస్తుంది.

పద్ధతులు మూడు. మొదటిది బ్రౌజరే కాసేపటికోసారి వెళ్లి అడగడం, అంటే పోలింగ్. పాతకాలపు పద్ధతని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ గంటకో అంకె వచ్చే నదికి ఇంతకు మించింది లేదు. వరద రాత్రి 50,000 మంది ఒకేసారి పేజీ తెరిచి రెండు సెకన్లకోసారి అడిగితే సెకనుకు 25,000 అభ్యర్థనలు. మామూలు సర్వర్ తట్టుకోలేదు, ఏ రాత్రి అవసరమో ఆ రాత్రే కూలిపోతుంది. అదే డేటాను చిన్న ఫైల్‌గా రాసి, సీడీఎన్‌లో, అంటే ఫైళ్ల నకళ్లను చాలాచోట్ల ఉంచి పంచిపెట్టే సర్వర్ల వలలో, అర నిమిషం నిల్వ ఉండేలా పెడితే ఆ వేలమందికీ జవాబు సీడీఎన్ నుంచే వెళ్తుంది, అసలు సర్వర్ దాకా వచ్చేవి నిమిషానికి కొన్నే. అందరికీ ఒకటే గీత కాబట్టి అందరికీ ఒకటే ఫైల్ సరిపోతుంది. మారలేదంటే ‘మారలేదు’ అని మాత్రమే చెప్పి ఊరుకునే 304 జవాబు బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతిలో ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వాడుకుంటే మొబైల్ డేటా కూడా మిగులుతుంది.

రెండోది సర్వర్ సెంట్ ఈవెంట్స్. బ్రౌజర్ ఒకసారి కనెక్షన్ తెరుస్తుంది, ఆ తర్వాత కొత్తది వచ్చినప్పుడల్లా సర్వరే పంపుతుంది. ప్రవాహం ఒకవైపే. చార్టులకు కావలసింది కూడా చాలావరకు ఒకవైపే. కనెక్షన్ తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుంటుంది, తనకు చివరిగా అందిన సందేశం ఏదో కూడా సర్వర్‌కి చెబుతుంది. పాత హెచ్‌టీటీపీ మీద అయితే ఒక సైట్‌కి బ్రౌజర్లు ఆరు కనెక్షన్లకు మించి ఇవ్వవు కాబట్టి అదే పేజీని ఏడు ట్యాబుల్లో తెరిచినవాళ్లకు ఏడోది అలా తిరుగుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీ 2 వచ్చాక ఆ బాధ పోయింది.

మూడోది 2011లో ప్రమాణంగా స్థిరపడిన వెబ్‌సాకెట్. రెండువైపులా మాట్లాడుకోవచ్చు. షేర్ల ట్రేడింగ్ పేజీలకు ఇదే సరైనది. అక్కడ చూసేవాళ్లు ఒక షేరు తీసేసి ఇంకోటి పెట్టుకుంటారు, ఆ సంగతి సర్వర్‌కి వెంటనే తెలియాలి, ధరలు సెకనులో ఎన్నోసార్లు మారతాయి. కానీ తెగిపోయిన సాకెట్‌ని మళ్లీ కలిపే పని రాసేవాళ్లదే. సర్వర్ ఒకసారి పడి లేచాక వేలాది బ్రౌజర్లు ఒకే క్షణంలో తోసుకొస్తే అది మళ్లీ పడుతుంది. కాబట్టి ప్రతి బ్రౌజరూ తలా కాస్త వేరే సమయం ఆగి ప్రయత్నించాలి, కుదరకపోతే ఆ ఆగే సమయాన్ని పెంచుకుంటూ పోవాలి. మొదటి పద్ధతితోనే జరిగిపోయే పేజీలకు కూడా ఫ్యాషన్‌గా వెబ్‌సాకెట్ తగిలించుకుని, తర్వాత ఇలాంటివన్నీ మోస్తున్న చోట్లు చాలానే కనబడతాయి.

గీత తెగినచోట

ఉదయం 3 గంటలకు 47.2 అడుగులు, 4 గంటలకు 47.9, 5 గంటలకు ఏమీ రాలేదు, 6 గంటలకు 49.3 అనుకుందాం. చార్ట్ లైబ్రరీకి వదిలేస్తే అది ఏమీ ఆలోచించకుండా 47.9 నుంచి 49.3కి తిన్నగా గీత లాగుతుంది. ఆ గీత ప్రకారం నీళ్లు 48 దాటింది నాలుగు గంటల తొమ్మిది నిమిషాలకు. చూసేవాళ్లు అలాగే చదువుకుంటారు. నిజానికి దాటింది నాలుగుంబావుకో అయిదున్నరకో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా నాలుగుకీ ఆరుకీ మధ్య ఎప్పుడో దాటిందని. అక్కడ గీతని తెంచి ఖాళీ వదిలేయాలి, మరీ కావాలంటే పలచని చుక్కల గీత పెట్టొచ్చు. తెగిన గీత చూడటానికి బాగుండదని డిజైనర్లు అంటారు. బాగుండకపోతేనే మంచిది, అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది.

ఇంకా ఘోరమైనది సున్నా. సెన్సర్ పని చేయనప్పుడో, ఫైల్‌లో ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడో ప్రోగ్రామ్ దాన్ని సున్నాగా చదువుకుంటే గోదావరి ఒక్క గంటలో 48 అడుగుల నుంచి అడుగంటిపోయి, తర్వాతి గంటలో తిరిగి 49కి ఎగబాకినట్టు గీత కనబడుతుంది. చూసి నవ్వుకోవచ్చు. కానీ ఈ సున్నాలే సగటు లెక్కల్లోకి, ‘గత ఆరు గంటల్లో పెరుగుదల’ లాంటి అంకెల్లోకి దూరితే అక్కడ ఎవరికీ కనబడవు. డేటా లేకపోవడం వేరు, డేటా సున్నా కావడం వేరు. ఈ తేడాను మొదటి ఫైల్ నుంచి చివరి చుక్క దాకా కాపాడుకుంటూ రావాలి. పైగా ఖాళీలు మామూలు రోజుల్లో రావు. వరద ముదిరి కరెంటు పోయి, టవర్లు ఆగి, దారులు మునిగినప్పుడే వస్తాయి. అంటే అందరూ చార్ట్ చూసే గంటల్లోనే.

గీతని ఒంపులు తిప్పి నున్నగా చేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వరసగా నాలుగు రీడింగులు 52.1, 52.9, 52.9, 52.1 అనుకోండి. కొలిచినప్పుడు నీళ్లు ఎప్పుడూ 53ని చేరలేదు. కానీ కొన్ని ఒంపు సూత్రాలు మధ్యలో ఉన్న రెండు 52.9ల నడుమ గీతని పైకి ఉబ్బించి సరిగ్గా 53 దగ్గరకు తీసుకెళ్తాయి. మూడో ప్రమాద హెచ్చరిక గీతని తాకినట్టు తెర మీద కనబడుతుంది. నీళ్లు తాకలేదు, లెక్క తాకింది. కొలిచినదాన్ని మించి పోకుండా చూసే ఒంపు పద్ధతులు డీ3, చార్ట్.జెఎస్ లాంటి ప్రధాన లైబ్రరీల్లో ఉన్నాయి, లేదంటే తిన్నని గీతలే మేలు.

ఇప్పుడు ఆ చుక్క వయసు సంగతి. చాలా పేజీల్లో మూలన ‘చివరి అప్‌డేట్: 6:38’ అని ఉంటుంది. అది పేజీ సర్వర్‌ని పలకరించిన సమయం, నీళ్లను కొలిచిన సమయం కాదు. కొలిచింది ఆరు గంటలకైతే, ఆ తర్వాత రీడింగులే రాకపోయినా, పేజీ మాత్రం 7:10, 7:40, 8:15 అని తాజాగానే చెప్పుకుంటూ పోతుంది. అక్కడ ఉండవలసింది ‘ఉదయం 6 గంటల రీడింగ్, 38 నిమిషాల క్రితం’ అన్న మాట. ఆ నిమిషాలు వాటంతటవే పెరుగుతుండాలి. రావలసిన రీడింగ్ రెండుసార్లు రాకపోతే చుక్క మిణుకుమనడం మానేసి బూడిదరంగులోకి మారాలి. ఫోన్లలో గడియారాలు ముందో వెనకో ఉండొచ్చు, కాబట్టి వయసు లెక్కకు సర్వర్ జవాబుతో పాటు వచ్చే సమయాన్ని ఆధారం చేసుకోవడం క్షేమం.

గడియారం అన్నాక ప్రవాసుల సంగతీ ఉంది. సర్వర్లు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, దాచుకుంటాయి, బ్రౌజర్ దాన్ని చూసేవాళ్ల ఊరి సమయంలోకి మారుస్తుంది. భద్రాచలంలో ఉదయం 6 గంటల రీడింగ్ డల్లాస్‌లో ఉన్నవాళ్లకు వేసవిలో అంతకుముందు సాయంత్రం 7:30గా కనబడుతుంది. ఇంటికి ఫోన్ చేసి ‘ఏడున్నరకి 49 దాటిందట కదా’ అంటే అవతల నాన్నకి ఏమీ అర్థం కాదు, ఊరికే టెన్షన్. నది చార్ట్‌కి నది దగ్గరి సమయమే ఉండాలి, పక్కన ‘భారత కాలమానం’ అన్న రెండు మాటలూ ఉండాలి. కొలతలకూ ఇదే వర్తిస్తుంది. భద్రాచలంలో జనం చెప్పుకునే 43 అడుగులు కొలబద్ద మీదివి, కేంద్ర జల సంఘం లెక్కలో సముద్ర మట్టం నుంచి కొలిస్తే అదే నీరు 45.72 మీటర్లు. రెండూ నిజమే. ఒకే పేజీలో ఒకచోట అడుగులూ మరోచోట మీటర్లూ ఏ వివరణా లేకుండా పెడితే, మీటర్లను అడుగుల్లోకి మార్చి చూసుకున్నవాళ్లకు 150 అడుగులు వచ్చి గుండె ఆగినంత పనవుతుంది.

పూర్తికాని క్యాండిల్

షేర్ మార్కెట్లో ఈ చివరి చుక్క ఇంకో రూపంలో ఉంటుంది. ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా సాగే ట్రేడింగ్‌లో అయిదు నిమిషాల క్యాండిల్ (ఆ అయిదు నిమిషాల్లో ధర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపే నిలువు కడ్డీ, పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు) 10 గంటలకు మొదలైతే 10:05కి గానీ పూర్తికాదు. 10:02కి పచ్చగా ఉన్నది 10:05కి ఎర్రగా ముగియవచ్చు. ఈలోపు దాని కింద, ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పే వాల్యూమ్ గీత పొట్టిగా ఉంటుంది. కొనేవాళ్లు తగ్గారని కాదు, ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉన్నాయని. అనుభవం ఉన్న ట్రేడర్లు ‘క్యాండిల్ క్లోజ్ అవనీ’ అంటారు. కొత్తవాళ్లు పచ్చరంగు చూసి కొనేస్తారు, మూడు నిమిషాల తర్వాత తాము చూసిన సిగ్నల్ చార్ట్ మీద కనబడదు. పూర్తికాని క్యాండిల్‌ని లోపల రంగు నింపకుండా గీతలతో మాత్రమే చూపించడం ఏ లైబ్రరీలోనైనా పది నిమిషాల పని. అయినా చాలా పేజీలు పూర్తయినవాటికీ కానివాటికీ ఒకటే రంగు పూస్తాయి. కొవిడ్ రోజుల్లో రోజువారీ కేసుల పటాల్లోనూ ఇదే జరిగింది. చివరి ఒకటి రెండు రోజులు ఎప్పుడూ తగ్గినట్టే కనిపించేవి, ఆలస్యంగా వచ్చే రిపోర్టులు కలిశాక ఆ తగ్గుదల మాయమయ్యేది.

ఓట్ల లెక్కింపు రోజు సంగతి ఇంకా వేరు. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వస్తున్నప్పుడు ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో లెక్క మొదలైంది, ఈవీఎంలు ఆ తర్వాత. ఒక్కో రౌండ్‌లో సాధారణంగా 14 టేబుళ్ల మీద 14 పోలింగ్ కేంద్రాల ఓట్లు లెక్కిస్తారు. ఏ మండలం కేంద్రాలు ముందొస్తే ఆ రంగు ముందు కనబడుతుంది. ఓట్లు ఎప్పుడో పడిపోయాయి, పెట్టెల్లో ఉన్నది మారదు, మారేది తెరిచే వరస మాత్రమే. కానీ అడ్డంగా సమయం, నిలువుగా ఆధిక్యం పెట్టి గీత గీస్తే గంటగంటకూ జనం మనసు మార్చుకుంటున్నట్టు, ఒకరు పుంజుకుని ఇంకొకరు వెనకబడుతున్నట్టు పరుగు పందెం తయారవుతుంది. టీవీలకు అదే కావాలి. విషయం తెలియాలంటే మాత్రం సమయం బదులు ‘22లో 9 రౌండ్లు’ అన్న లెక్క అడ్డంగా ఉండాలి.

కదలిక దానంతటదే వార్తలా కనబడుతుందనడానికి పేరున్న ఉదాహరణ 2016 నవంబరు అమెరికా అధ్యక్ష ఎన్నిక. న్యూయార్క్ టైమ్స్ ఆ రాత్రి గెలుపు అంచనాని సూదిముల్లుతో చూపించింది. కొత్త ఓట్లు రాని క్షణాల్లో కూడా ఆ ముల్లు వణుకుతూ ఉండేది. అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చూపడానికి కావాలనే అలా పెట్టారు. ఉద్దేశం మంచిదే. చూసేవాళ్లకు మాత్రం ముల్లు కదిలిన ప్రతిసారీ ఏదో కొత్త కబురు వచ్చినట్టు అనిపించింది, తిట్లూ బాగానే పడ్డాయి. డేటా కదలనప్పుడు బొమ్మ కదలకూడదు. అనిశ్చితిని పలచని పట్టీగా చూపే పద్ధతి ఉండనే ఉంది.

నిలువు అక్షం

కరెంటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే అంకె, వాడకానికి తగినంత ఉత్పత్తి లేకపోతే పడిపోతుంది) చార్ట్ తీసుకుంటే అక్షం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ దగ్గర నడవాలి, నిబంధనల ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. 2013 చివరి రోజున రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి తిరుపతిలోనూ అమృతసర్‌లోనూ ఒకటే ఫ్రీక్వెన్సీ, దేశం మొత్తానికి ఒక్క గీత చాలు. దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి గీస్తే దేశం చీకటైపోయే ముందు క్షణం దాకా కూడా తిన్నగానే ఉంటుంది. పోనీ కనిష్ఠం, గరిష్ఠం నువ్వే చూసుకోమని లైబ్రరీకి వదిలేస్తే 49.99కీ 50.01కీ మధ్య సాగే మామూలు ఊగిసలాట కొండలూ లోయల్లా కనబడుతుంది. పైగా కొత్త చుక్క వచ్చినప్పుడల్లా అక్షం మారి, ఇందాక చూసిన చుక్కే ఇప్పుడు వేరే ఎత్తులో ఉంటుంది. హద్దులు తెలిసినచోట అక్షాన్ని కట్టిపడేయాలి. భద్రాచలానికైతే 30 నుంచి 80 అడుగులు, మధ్యలో మూడు హెచ్చరికల గీతలు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులు కూడా అందులో పడుతుంది. లేకపోతే 41.0 నుంచి 41.4కి పెరిగిన అయిదంగుళాల నీరు తెర మీద గోడలా లేస్తుంది.

ఇక గీసే పని. బ్రౌజర్‌లో బొమ్మ గీసే పద్ధతుల్లో ఒకటైన ఎస్‌వీజీలో ప్రతి చుక్కా బ్రౌజర్ విడిగా గుర్తుపెట్టుకునే వస్తువు, వేలల్లోకి వెళ్తే మోయలేదు. ఇంకో పద్ధతి కాన్వాస్ అయితే రంగు పూసి మర్చిపోతుంది, లక్షలు వచ్చినా నెట్టుకొస్తుంది. సెకనుకు 200 ధరలు వస్తుంటే వచ్చిన ప్రతిదానికీ గీయకుండా పోగేసి, తెర కొత్త ఫ్రేమ్ అడిగినప్పుడు ఒక్కసారి గీయాలి. వెయ్యి పిక్సెళ్ల వెడల్పులో లక్ష చుక్కలు ఇరికించాలంటే కొన్నిటిని వదలక తప్పదు. సగటు తీస్తే శిఖరాలు పోతాయి, మనం చూడాలనుకునేవే అవి. ఒక్కో పిక్సెల్‌కి కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంచుకోవడం నమ్మకమైన దారి. 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఒక ఎంఎస్ థీసిస్ త్రిభుజాల వైశాల్యం ఆధారంగా ముఖ్యమైన చుక్కల్ని ఏరే పద్ధతి చెప్పింది, ఎల్‌టీటీబీ పేరుతో అది ఇప్పుడు చాలా లైబ్రరీల్లో ఉంది.

ఫోన్లో ఇంకో సమస్య ఎక్కువగా వస్తుంది. చార్ట్ తెరిచి, వాట్సాప్‌లోకి వెళ్లి, అరగంటకు తిరిగొస్తారు. కనబడని ట్యాబ్‌లో బ్రౌజర్ గీసే పని పూర్తిగా ఆపేస్తుంది. అయిదు నిమిషాలు దాటితే టైమర్లను నిమిషానికోసారికి తగ్గించడం 2021 నుంచి క్రోమ్‌లో ఉంది. తిరిగి రాగానే పోగుపడ్డవన్నీ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తించే పేజీలున్నాయి, వింతగా ఉంటుంది. ఇంకొన్ని పేజీల్లో అరగంట నాటి చుక్కే ఇంకా మిణుకుమంటూ ఉంటుంది, అది మరీ ప్రమాదం. ట్యాబ్ మళ్లీ కనబడిందన్న కబురు బ్రౌజర్ ఇస్తుంది. అది అందగానే పాతది పక్కన పడేసి, మొత్తం డేటాను తాజాగా తెచ్చుకుని ఒక్కసారి గీయడమే తేలిక. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి మాత్రం ప్రతి మార్పునూ చదివించకూడదు, హెచ్చరిక గీత దాటినప్పుడు ఒక్క వాక్యం చెబితే చాలు.

వరద తగ్గాక ఈ చార్టుల్ని చాలామంది చెరిపేస్తారు, లేదా కొత్త అంకెలు పాతవాటిని తోసేస్తూ పోతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. ఆ రోజుల గంటగంట రీడింగుల్ని దాచి, ఈసారి వరద గీత వెనక పలచని రంగులో, రెండూ 43 అడుగులు దాటిన గంటను కలిపి గీస్తే, అప్పటికంటే వేగంగా పెరుగుతోందో నెమ్మదిగా పెరుగుతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. చివరి చుక్క ఒక్కటే చెప్పగలిగే మాట కాదిది. దాచేటప్పుడు తర్వాత సరిదిద్దిన అంకెతో పాటు, ఆ గంటలో తెర మీద కనిపించిన అంకెనూ విడిగా ఉంచాలి. ఏ అంకె చూసి ఏ ఊరు ఖాళీ చేయించారో తర్వాత అడిగేవాళ్లు ఉంటారు.